పిల్లలతో విదేశీ విమాన ప్రయాణం: వరంగల్, ఉత్తర తెలంగాణ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ ప్రాంతాల నుంచి అమెరికాకు పిల్లలను తీసుకుని వెళ్లే తల్లులు, తండ్రులు, తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. విమానంలో పిల్లలు ఏడుస్తారేమో అన్న బెంగ అందరికీ ఉంటుంది గానీ, ప్రయాణాలు నిజంగా ఆగిపోయేది కాగితాల దగ్గరే. అందువల్ల కాగితాల గురించి ఎక్కువగా చెప్పవలసి వచ్చింది.

ఎంత ముందు నుంచి సిద్ధం కావాలి? టికెట్ ముందు కొనాలా, పాస్‌పోర్టు ముందు తీయాలా?

పాస్‌పోర్టు, వీసా చేతికి వచ్చిన తర్వాతే, డబ్బు తిరిగిరాని టికెట్ కొనడం మంచిది. పిల్లల విషయంలో వీటన్నిటికంటే ముందు చూడవలసింది జనన ధ్రువపత్రం. పాస్‌పోర్టు దానిమీద ఆధారపడుతుంది, వీసా పాస్‌పోర్టు మీద ఆధారపడుతుంది, టికెట్‌లోని పేరు పాస్‌పోర్టులోని పేరుతో అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. మొదటి కాగితంలో ఒక అక్షరం తప్పుంటే ఆ తప్పు చివరిదాకా వెంట వస్తుంది. ప్రయాణం ఆలోచన మొదలైన రోజునే ఆ పత్రాన్ని బయటికి తీసి, పిల్లల పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఒక్కొక్కటిగా మీ పాస్‌పోర్టులతో సరిచూసుకోండి.

మా పాప జనన ధ్రువపత్రంలో పేరు లేదు, "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. ఏం చేయాలి?

ఇది చాలా ఇళ్లలో ఎదురయ్యే సమస్య. ఆసుపత్రిలో కాన్పు జరిగిన వెంటనే వివరాలు నమోదవుతాయి, అప్పటికి బారసాల జరగదు, తర్వాత పేరు చేర్పించడం ఎవరికీ గుర్తుండదు. చట్టం ప్రకారం నమోదు జరిగిన 12 నెలల లోపు పేరును ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుము చెల్లించి చేర్పించుకోవచ్చు. నగరంలో పుట్టిన పిల్లలకు గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ, ఇతర పట్టణాల్లో ఆయా మున్సిపాలిటీలు, పల్లెల్లో గ్రామ పంచాయతీలు ఈ పని చూస్తాయి. బిడ్డ ఎక్కడ పుడితే నమోదు అక్కడే ఉంటుంది. మీ కాపురం భూపాలపల్లిలో ఉన్నా, కాన్పు హనుమకొండ ఆసుపత్రిలో జరిగి ఉంటే వరంగల్ కార్యాలయాన్నే సంప్రదించాలి.

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. ఆ పత్రంలో లోపం ఉంటే దాన్నే సరిచేయించుకోవాలి, దానికి బదులు వేరే కాగితం చూపించి గట్టెక్కే వీలు లేదు.

పిల్లల పాస్‌పోర్టుకు హైదరాబాదు వెళ్లాలా?

అవసరం లేదు. వరంగల్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం పనిచేస్తోంది, ఆదిలాబాద్‌లోనూ అటువంటిదే ఉంది. కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో పూర్తిస్థాయి పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. దగ్గరి కేంద్రంలో స్లాట్ త్వరగా దొరకకపోతే మిగతావాటిలో తేదీలు చూసుకోండి.

పసిబిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి, తల్లి పాస్‌పోర్టులో పేరు రాయించే పాత పద్ధతి ఇప్పుడు లేదు. బిడ్డను కేంద్రానికి వెంట తీసుకువెళ్లాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు తెల్లని వెనుక తెర ఉన్న పాస్‌పోర్టు సైజు ఫోటో మీరే తీసుకువెళ్లాలి. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్సర్-డి అనే సమ్మతి ప్రమాణపత్రం, ఇద్దరి పాస్‌పోర్టులు ఉంటే వాటి అసలు ప్రతులు, నకళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది గానీ చిన్నపిల్లలది ఐదేళ్లే. ఈ తేడా గుర్తులేక ఇబ్బంది పడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తల్లిదండ్రుల పాస్‌పోర్టులకు ఇంకా నాలుగైదేళ్లు ఉన్నాయన్న ధీమాతో పిల్లల పాస్‌పోర్టు తెరిచి చూడరు, తీరా చూస్తే దానికి మూడు నెలలే మిగిలి ఉంటుంది. గల్ఫ్ దేశాలతో సహా అనేక దేశాలు అక్కడ దిగే నాటికి కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలని కోరతాయి.

బిడ్డ తండ్రి దుబాయిలో ఉన్నారు. ఆయన సంతకం లేకుండా పాస్‌పోర్టు వస్తుందా?

తండ్రి సమ్మతి కావాలి, కానీ ఆయన ఇండియాకు రావలసిన పని లేదు. తాను ఉన్న దేశంలోని భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ ప్రమాణపత్రం రాసి, దానిమీద అక్కడి అధికారి ధ్రువీకరణ తీసుకుని, అసలు కాగితాన్ని ఇక్కడికి పంపించాలి. ఇక్కడున్న తల్లి దానికి తోడుగా అనెక్సర్-డి సమర్పిస్తుంది. దంపతులు విడిపోయిన సందర్భంలో, లేదా ఒకరి సమ్మతి దొరకని పరిస్థితిలో, అనెక్సర్-సి అనే వేరే ప్రమాణపత్రం ఉంది. అటువంటప్పుడు కోర్టు ఉత్తర్వులు ఏవైనా ఉంటే వాటిని దాచకుండా చూపించడమే క్షేమం.

మా ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో ఎలా రాయించాలి?

దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు మరొక గడి ఉంటాయి. రెండింటినీ పూర్తి అక్షరాలతో నింపాలి, పొడి అక్షరాలు రాయకూడదు. బడిలో ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టడం మనకు అలవాటే, కానీ ఆ అలవాటును పాస్‌పోర్టు దాకా తీసుకురావద్దు. ఒక గడిని ఖాళీగా వదిలిపెట్టి, పేరంతా మరో గడిలో రాస్తే తర్వాత చాలా చోట్ల చిక్కు వస్తుంది. పాస్‌పోర్టులో ఒకే పదం పేరుగా ఉన్నవారికి సందర్శక వీసా మీద ప్రవేశాన్ని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరు నుంచి నిరాకరిస్తోంది. అమెరికా వీసాలో సొంత పేరు గడి ఖాళీగా ఉంటే, ఆ స్థానంలో పేరు తెలియదని సూచించే మూడు అక్షరాలు అచ్చవుతాయి, పిల్లవాడి బడి ప్రవేశం మొదలు ప్రతి కాగితానికీ అది అడ్డుపడుతుంది. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ అక్షరక్రమంతో ఉందో పిల్లలకూ అదే అక్షరక్రమం ఉంచండి.

పిల్లల పాస్‌పోర్టుకు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర పడుతుందా?

పడదు. 18 ఏళ్ల లోపు పిల్లలందరూ వలస తనిఖీ అవసరం లేని వర్గంలోకే వస్తారు. తండ్రి పదో తరగతి దాటక ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు వెళ్లి ఉన్నా, ఆ నియమం పిల్లలకు వర్తించదు.

గల్ఫ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి కుటుంబ వీసా మీద వెళ్లడానికి పిల్లల పత్రాలు ఏం కావాలి?

జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రం ముఖ్యమైనవి. వీటిని మొదట రాష్ట్ర ప్రభుత్వం, తర్వాత విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ ధ్రువీకరించాలి. ఆ పైన, మీరు వెళ్లే దేశాన్ని బట్టి అపోస్టిల్ ముద్ర (అంతర్జాతీయ ఒప్పందం కింద విదేశాల్లో చెల్లేలా మన విదేశీ వ్యవహారాల శాఖ వేసేది) సరిపోవచ్చు, లేదా ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావలసి రావచ్చు. ఏది కావాలో తండ్రి పనిచేసే సంస్థలో వీసాలు చూసే ఉద్యోగి ద్వారా ముందే రాతపూర్వకంగా తెలుసుకుంటే, ఊళ్లోని ఏజెంట్లు అనవసరమైన ముద్రలకు డబ్బు వసూలు చేసే అవకాశం ఉండదు. వివాహాన్ని రిజిస్టరు చేయించుకోని దంపతులు ఆ పనిని ఇప్పుడే పూర్తి చేసుకోవాలి. పెళ్లి పత్రిక, ఫోటోలు రిజిస్ట్రేషన్‌కు సాయపడతాయి గానీ వీసాకు అవి ధ్రువపత్రం కావు.

అమెరికా వీసాకు చిన్నపిల్లలు కూడా ఇంటర్వ్యూకు రావాలా?

ఒకప్పుడు 14 ఏళ్ల లోపు పిల్లలకు సాధారణంగా మినహాయింపు ఉండేది. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ వెసులుబాటు తొలగింది, అందువల్ల పిల్లలకు కూడా ఇంటర్వ్యూ ఉంటుందనే భావించి సిద్ధం కండి. హైదరాబాదులోని అమెరికా కాన్సులేట్ 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో పనిచేస్తోంది. బేగంపేటలోని పాత చిరునామా ఇంకా చాలామంది మనసులో ఉంది, డ్రైవరుకు ముందే చెప్పి పెట్టండి. హనుమకొండ నుంచి తెల్లవారుజామున బయలుదేరి ఉదయపు అపాయింట్‌మెంట్ అందుకోవాలనుకోవడం, పసిపిల్లలు ఉన్నప్పుడు, సరైన ఆలోచన కాదని నా అభిప్రాయం. ముందు రోజు రాత్రికే హైదరాబాదు చేరుకోండి.

మా మనవడు అమెరికాలో పుట్టాడు. ఏడాది పాటు మా దగ్గర ఉంచుకోవాలనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి?

అమెరికాలో పుట్టిన బిడ్డకు అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది, అమెరికాలోకి తిరిగి వెళ్లడానికి అదే వాడాలి. భారతదేశానికి రావడానికి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) గానీ వీసా గానీ కావాలి. నెలా రెండు నెలల రాకకు ఈ-వీసా సరిపోతుంది. ఏడాది ఉంచుకోవాలంటే మాత్రం ఓసీఐ తీసుకోవడమే మేలు. అమెరికా పౌరులు ఈ-పర్యాటక వీసా మీద ఒక్కో రాకలో ఏకధాటిగా 180 రోజులకు మించి ఉండటానికి వీలుండదు, గడువు మించితే తిరుగు ప్రయాణంలో ఇమిగ్రేషన్ దగ్గర జరిమానాలు, అనుమతుల చిక్కులు ఎదురవుతాయి.

16 ఏళ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు కూడా ఐదేళ్లే చెల్లుతుంది. బిడ్డ వరంగల్‌లో ఉండగా దాని గడువు ముగిస్తే, కొత్తదాని కోసం బిడ్డతో పాటు తల్లిదండ్రులిద్దరూ హాజరు కావాలి, లేదా రాలేని వారి నోటరీ సమ్మతి కావాలి. తల్లిదండ్రులిద్దరూ డల్లాస్‌లో, బిడ్డ తాతగారి దగ్గర ఉన్నప్పుడు ఇది ఎంత కష్టమో ఊహించండి. గడువు చూసుకుని బిడ్డను పంపించమని మీ కొడుకుకో కూతురుకో ముందే చెప్పండి.

తల్లి ఒక్కతే, లేదా తాత, నాయనమ్మ పిల్లలను తీసుకువెళ్తుంటే ఏవైనా ప్రత్యేక పత్రాలు ఉండాలా?

వెంట లేని తల్లి లేదా తండ్రి ఇచ్చిన సమ్మతి పత్రం నోటరీ చేయించి దగ్గర ఉంచుకోండి. అమెరికా, కెనడా సరిహద్దు అధికారులు అటువంటి పత్రం ఉండటం మంచిదని సూచిస్తారు. అందులో బిడ్డ పేరు, పాస్‌పోర్టు సంఖ్య, వెంట వెళ్లేవారి పేర్లు, ప్రయాణ తేదీలు, అక్కడ ఉండబోయే చిరునామా, సమ్మతి ఇచ్చినవారి ఫోన్ నంబరు ఉండాలి. దీన్ని ఆంగ్లంలో రాయించండి. దానికి తోడు జనన ధ్రువపత్రం నకలు కూడా ఉంచాలి, ఎందుకంటే ఇంటిపేర్లు వేరుగా ఉన్న అమ్మమ్మ, మనవరాలి మధ్య బంధుత్వం పాస్‌పోర్టులు చూస్తే తెలియదు. అత్యవసరమైతే చికిత్సకు అనుమతి ఇచ్చే ఒక వాక్యం కూడా ఆ పత్రంలో చేర్చమని నా సలహా.

టికెట్ కొనేటప్పుడు పిల్లల విషయంలో ఏమి గమనించాలి?

రెండేళ్లు నిండని బిడ్డ ఒడిలో కూర్చుని ప్రయాణించవచ్చు, అంతర్జాతీయ విమానాల్లో దానికి సాధారణంగా పెద్దవారి ఛార్జీలో పదో వంతు, దానిపైన పన్నులు తీసుకుంటారు. ఒక పెద్దవారి ఒడిలో ఒక బిడ్డకే అనుమతి. వయసును టికెట్ కొన్న రోజున కాక ప్రయాణించే రోజున లెక్కవేస్తారు, కాబట్టి వెళ్లేటప్పుడు 23 నెలలు ఉన్న బిడ్డకు తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే ఆ తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి.

పసిబిడ్డ ఉయ్యాల, అంటే బాసినెట్, మొదటి వరుస గోడకు అమరుస్తారు. అవి కొన్నే ఉంటాయి గనుక టికెట్ కొన్న వెంటనే విమాన సంస్థకు ఫోన్ చేసి అడగాలి. ఎంత బరువున్న బిడ్డ వరకు అనుమతిస్తారన్నది సంస్థను బట్టి మారుతుంది. గాలి ఒడిదుడుకులు వచ్చి సీటు బెల్టు గుర్తు వెలిగితే, నిద్రపోతున్నా సరే, బిడ్డను ఉయ్యాలలోంచి తీసి ఒడిలో కట్టుకోవాలి.

మధ్యలో విమానం మారేటప్పుడు రెండు విమానాలూ ఒకే టికెట్ కింద ఉండాలి. చవకగా వస్తుందని వేర్వేరుగా కొంటే, సామాను మళ్లీ తీసుకోవడం, ఆ దేశపు వీసా అడగడం, మొదటి విమానం ఆలస్యమైతే రెండోది పోవడం వంటి ఇబ్బందులన్నీ మీవే అవుతాయి. పిల్లలు ఉన్నప్పుడు గంట వ్యవధి చాలదు, కనీసం మూడు గంటలు ఉండేటట్లు చూసుకోండి. పిల్లల భోజనం కావాలంటే కనీసం 24 గంటల ముందు చెప్పి ఉంచాలి.

టీకాలు, మందుల సంగతి ఏమిటి?

ప్రయాణానికి నెలా నెలన్నర ముందే పిల్లల డాక్టరును కలవండి. మన దేశ టీకాల పట్టికలో తట్టు టీకా మొదటి మోతాదు 9 నెలలు నిండాక వస్తుంది. 6 నుంచి 11 నెలల పిల్లలు విదేశీ ప్రయాణం చేస్తుంటే ముందస్తుగా ఒక మోతాదు ఇవ్వాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు సూచిస్తాయి. మీ బిడ్డకు అది అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయించాలి. అంగన్‌వాడీలో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఇచ్చిన తల్లీబిడ్డ సంరక్షణ కార్డును పారేయకండి, అక్కడి బడిలో చేర్చేటప్పుడు టీకాల వివరాలు తేదీలతో సహా అడుగుతారు. కార్డు నలిగిపోయి ఉంటే డాక్టరు చేత ఆంగ్లంలో టైపు చేయించి సంతకం, ముద్ర వేయించుకోండి.

జ్వరానికి, వాంతులకు, విరేచనాలకు అవసరమైన మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు చేతి సంచిలో ఉండాలి, వాటితో పాటు డాక్టరు చీటీ ఉండాలి. కోడీన్ వంటి పదార్థాలున్న దగ్గు మందులు గల్ఫ్ దేశాల్లో నియంత్రిత ఔషధాలు. సీసా మీద ఏముందో చదవకుండా ఏ దగ్గు మందునూ అటు తీసుకువెళ్లవద్దు. బిడ్డ నిద్రపోవాలని జలుబు మందు తాగించి విమానం ఎక్కించమని కొందరు చెబుతారు. అది చేయకండి. కొందరు పిల్లల్లో ఆ మందు నిద్రకు బదులు మరింత చికాకు పుట్టిస్తుంది, మోతాదు తప్పితే ప్రమాదం కూడా.

ఇంటి తిండి ఏది తీసుకువెళ్లవచ్చు?

సకినాలు, గారెలు, మురుకుల వంటి పొడి పిండివంటలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అసలు జాగ్రత్త గసగసాల దగ్గర కావాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, ఖతార్, సింగపూర్ వంటి దేశాల్లో గసగసాలు నిషిద్ధం, వాటిని మత్తు పదార్థాల చట్టం కింద చూస్తారు. ఇంట్లో దంచిన గరం మసాలాలో గసగసాలు కలిశాయో లేదో అమ్మనో అత్తమ్మనో అడిగి నిర్ధారించుకోండి, అనుమానం ఉంటే ఆ పొట్లం ఇంట్లోనే వదిలేయండి. దీని విషయంలో మొహమాటానికి తావు లేదు. ఊళ్లో వారు తమ వాళ్లకు అందించమని కట్టి ఇచ్చే మూటలకు కూడా ఇదే వర్తిస్తుంది. ఎదుట విప్పి చూడకుండా ఏ మూటనూ మీ పెట్టెలో పెట్టుకోకండి.

ఎండు కుడుకలు నూనె ఎక్కువగా ఉండి మండే స్వభావం కలవి గనుక చెక్-ఇన్ సామానులో వాటిని అనుమతించరు, దొరికితే పెట్టె తెరిపించి తీయిస్తారు. అమెరికాకైతే మాంసం పచ్చళ్లు, తాజా పండ్లు, పచ్చి కరివేపాకు, విత్తనాలు తీసుకువెళ్లకూడదు. మిగతా తిండి ఏది ఉన్నా, పిల్లల బిస్కెట్లతో సహా, అక్కడి కస్టమ్స్ అధికారికి ఉందని చెప్పాలి. చెప్పినందువల్ల, మహా అయితే, ఒక వస్తువు పోతుంది. చెప్పకుండా దొరికితే జరిమానా పడుతుంది. కారం, పసుపు, పొడులు పెద్ద మొత్తంలో ఉంటే చేతి సంచిలో కాక పెద్ద పెట్టెలో పెట్టండి, అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులను క్యాబిన్‌లోకి అనుమతించకపోవచ్చు.

చేతి సంచిలో పాలు, నీళ్లు తీసుకువెళ్లనిస్తారా?

పెద్దవారికి ద్రవాలు ఒక్కో సీసాకు 100 మిల్లీలీటర్లకు మించకూడదు. బిడ్డకు ప్రయాణంలో కావలసినంత పాలు, పాలపొడి కలిపే నీళ్లు, మెత్తని ఆహారం, మందులు ఈ పరిమితికి లోబడవు. అయితే వాటిని విడిగా తీసి తనిఖీ సిబ్బందికి చూపించాలి. వీటితో పాటు, ప్రయాణ సమయానికి సరిపడే దానికంటే కొన్ని ఎక్కువ డైపర్లు, బిడ్డకు రెండు జతల బట్టలు, ఎత్తుకునేవారికి ఒక జత, ఒక పలుచని దుప్పటి ఉంచుకోండి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

పిల్లల వెండి మొలతాడు, పట్టీలు, కడియాలు లోహ పరీక్ష దగ్గర మోగుతాయి. నిద్రలో ఉన్న బిడ్డను లేపి విప్పించడం కంటే ఇంటి దగ్గరే తీసి భద్రపరచడం సుఖం. ఆనవాయితీగా మొలతాడు ఉంచాలనుకుంటే నల్లని నూలు తాడు కట్టండి.

శంషాబాద్ చేరడానికి ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాలి?

మామునూరు విమానాశ్రయం గురించి వింటున్నా, అంతర్జాతీయ ప్రయాణానికి ఇప్పుడు శంషాబాదే మనకు దారి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, పిల్లలుంటే ఇంకొక అరగంట కలపండి. హనుమకొండ నుంచి జనగామ, భువనగిరి మీదుగా వచ్చి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే ఉప్పల్ రద్దీ తప్పుతుంది. కరీంనగర్, సిద్దిపేట వైపు వారు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దగ్గర, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి వైపు వారు మేడ్చల్ దగ్గర ఔటర్ ఎక్కాలి. దారిలో పాలు పట్టడానికి, బట్టలు మార్చడానికి ఆగే సమయాన్ని కూడా కలిపి, వరంగల్ నుంచి నాలుగు గంటలు లెక్కవేసుకోండి.

విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద 15వ తేదీ తెల్లవారుజామున 2 గంటలు అని ఉంటే, ఇంటి నుంచి కదలవలసింది 14వ తేదీ సాయంత్రం. ఇంట్లో అందరికీ ఈ తేదీని స్పష్టంగా చెప్పి, వీడ్కోలు చెప్పడానికి వచ్చే బంధువులను అంతకంటే ముందు రోజే రమ్మనండి. బయలుదేరే రోజున ఇల్లు నిండా జనం ఉంటే పిల్లలకు మధ్యాహ్నం నిద్ర ఉండదు, ఆ అలసట విమానంలో బయటపడుతుంది.

విమానం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పిల్లలు ఎందుకు ఏడుస్తారు?

క్యాబిన్‌లో గాలి పీడనం మారుతుంది, చెవి లోపలి పీడనం దానికి సర్దుకోవాలి. పిల్లల చెవి నాళాలు సన్నగా ఉంటాయి గనుక నొప్పి ఎక్కువ, ముఖ్యంగా విమానం కిందికి దిగేటప్పుడు. మింగడం వల్ల ఆ నాళం తెరుచుకుంటుంది. అందువల్ల దిగడం మొదలైన వెంటనే తల్లిపాలు గానీ సీసా గానీ పట్టండి, పెద్ద పిల్లలకు నీళ్లు గుటకలుగా తాగించండి. నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే దిగడం మొదలవుతుంది, ఆ సమయానికి పాలు మిగిల్చి ఉంచుకోవాలి. ముక్కు బిగిసి ఉన్నా, చెవి నొప్పి ఉన్నా ప్రయాణానికి ముందు డాక్టరుకు చూపించండి. క్యాబిన్ గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి మధ్యమధ్య నీళ్లు ఇస్తూ ఉండాలి.

అక్కడ దిగిన తర్వాత మొదటి రోజుల్లో ఏం ఎదురవుతుంది?

అమెరికాలో దిగేవారు విమానాశ్రయం నుంచి కారులో వెళ్లాలంటే బిడ్డకు వయసుకు తగిన కారు సీటు ఉండాలి, అన్ని రాష్ట్రాల్లోనూ అది చట్టం. తీసుకువెళ్లడానికి వచ్చేవారిని ముందే బిగించి తీసుకురమ్మనండి.

నిద్ర విషయంలో గల్ఫ్ వెళ్లేవారికి పెద్దగా తేడా తెలియదు. న్యూజెర్సీ మన సమయానికి వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది, టెక్సాస్ దానికంటే మరొక గంట వెనుక. అందుచేత పిల్లలు నడిరాత్రి లేచి ఆకలి అంటారు. వారిని కోప్పడకుండా పెరుగన్నమో పాలో కొద్దిగా పెట్టి, దీపాలు తగ్గించి, టీవీ, ఫోను దగ్గరికి రానివ్వకుండా మళ్లీ పడుకోబెట్టండి. పగలు వెలుతురులో బయట తిప్పండి, మధ్యాహ్నం నిద్రను గంట, గంటన్నర దగ్గర ఆపండి. కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. బడిలో చేర్చే పిల్లలైతే, బడి తెరిచేందుకు కనీసం వారం, పది రోజుల ముందు అక్కడికి చేరేలా టికెట్ తీసుకోండి.